పందికి ఏ తుపాకీ మంచిదని అడిగిన అన్నకు

కొంచెం పొడుగు పోస్టు. పోడు చేసుకునే ఇళ్ల నుంచి వచ్చిన వాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

మా పెద్దనాన్న కొడుకు మొన్న ఫోన్ చేశాడు. "తమ్మీ, నువ్వు చదువుకున్నోడివి గదా. అడవి పందికి రైఫిల్ మంచిదా, పన్నెండు బోరు మంచిదా? గుండు ఏది వాడాలె? జర చూసి చెప్పు" అన్నాడు. ఎందుకడిగాడో నాకు తెలుసు. మొక్కజొన్న కంకి పాలు పట్టే టైముకు వాళ్ల చేన్లో పందుల గుంపు దిగింది. తిన్నది కొంత, తొక్కింది ఇంకా ఎక్కువ. వదిన, అన్న వంతులేసుకొని మంచె మీద పడుకున్నా ఆగలేదు. డబ్బాలు కొట్టారు, చీరలు కట్టారు, వెంట్రుకలు చల్లారు. వారం రోజులు భయపడ్డాయి, తర్వాత అలవాటు పడ్డాయి.

అన్న అడిగింది తుపాకీ గురించి కాబట్టి ముందు దానికే జవాబు చెప్తా.

పంది మొండి జంతువు. ముదిరిన మగపందికి భుజాల మీద చర్మం కింద మందమైన గట్టి పొర ఉంటుంది. చిన్న రవ్వలు అక్కడే ఆగిపోతాయి. గాయపడ్డ పంది పొదలోకి దూరి, వెతుక్కుంటూ వచ్చినవాడి మీదికి తిరగబడుతుంది. అందుకే పిట్టల్ని కొట్టే రవ్వలు, పాయింట్ 22 రైఫిల్ దీనికి పనికిరావు. జంతువును హింసపెట్టడం, మన ప్రాణం మీదికి తెచ్చుకోవడం తప్ప ఫలితం ఉండదు.

పన్నెండు బోరు అంటే లోపల నున్నగా ఉండే గొట్టం. దాంట్లో ఎల్‌జీ లాంటి పెద్ద గుండ్ల తూటా గానీ, స్లగ్ అనే ఒంటి గుండు గానీ వాడతారు. పెద్ద గుండ్ల తూటా 30, 40 మీటర్ల లోపే పనిచేస్తుంది, ఆ దూరం దాటితే గుండ్లు చెదిరిపోతాయి. రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్లు ఉంటాయి. గుండు తిరుగుతూ వెళ్తుంది కాబట్టి దూరం నుంచి కూడా గురి తప్పదు. మన దేశంలో .303 లాంటి సైన్యం బోర్లు మామూలు జనానికి ఇవ్వరు. అందుకే ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే పాయింట్ 315 రైఫిల్ ఎక్కువగా కనపడుతుంది. పందికి దాని బలం సరిపోతుంది. మూతి మెత్తగా ఉండే గుండు ఒంట్లో విచ్చుకొని చాలావరకు అక్కడే ఆగుతుంది. గట్టి మూతి గుండైతే పందిని దాటి అవతలికి పోయే ప్రమాదం ఎక్కువ.

మన కొండల్లో ఆలోచించాల్సింది ఇక్కడే. రైఫిల్ గుండు తగలకపోతే కిలోమీటరు దాటి పోతుంది. మన పోడు చేన్లన్నీ వాలు మీద ఉంటాయి. ఈ చేనుకీ ఆ చేనుకీ మధ్య పొదలే, గట్టు కూడా ఉండదు. రాత్రిపూట ప్రతి మంచె మీదా ఎవరో ఒకరు కాపలా ఉంటారు. చీకట్లో పేల్చినవాడికి గుండు ఎక్కడ ఆగిందో తెలియదు. పందులు ఎట్లాగూ చేను లోపలికే, మంచె దగ్గరికే వస్తాయి. మంచె మీద నుంచి కిందికి పేలిస్తే గుండు నేలలోకి పోతుంది. అందుకే అన్నా, పేరు రైఫిల్‌ది గొప్పగా ఉన్నా మన చేనుకు పన్నెండు బోరే మేలు. ఇంకోమాట, సీసం గుండు తగిలిన మాంసంలో కంటికి కనపడని సీసం ముక్కలు ఉంటాయి. సీసం చిన్నపిల్లల మెదడుకు చేటు.

ఇక్కడితో అన్న ప్రశ్నకు జవాబు అయిపోయింది. కానీ ఆ తుపాకీ అన్న చేతికి ఎట్లా వస్తుంది?

1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ చదివా. నిజంగా పంట కాపాడుకోవడానికే అయితే, మూతి నుంచి మందు కూరే తుపాకీకి రైతు లైసెన్సు అడగొచ్చని అందులో స్పష్టంగా ఉంది. అది చాలదని అధికారి అనుకుంటే నున్నటి గొట్టం తుపాకీకి కూడా ఇవ్వొచ్చు. అంటే మన అవసరం చట్టానికి తెలియనిది కాదు. మరి మీ ఊళ్లో ఆ లైసెన్సు ఎంతమందికి ఉంది? మా ఊళ్లో ఒక్కరికీ లేదు. అడిగినవాళ్లు కూడా లేరు. ఏజెన్సీలో తుపాకీ అనే మాట నోటి నుంచి వస్తే పంది ఎవరికీ గుర్తుకు రాదు, కేసు గుర్తుకొస్తుంది. అడగడానికే భయం.

దాంతో దొంగచాటు దారులు మిగిలాయి. ఒకటి నాటు తుపాకీ. దాని గొట్టం ఎప్పుడు పగులుతుందో చేసినవాడికే తెలియదు. రెండోది పిండిలో పెట్టే నాటు బాంబు. పంది కంటే ముందు మన ఆవే కొరుకుతుంది. మూడోది అన్నిటికంటే ఘోరం, కరెంటు తీగ. మా మేనమామ వాళ్ల పక్క ఊళ్లో పొద్దున్నే చేనుకు పోతున్న మనిషి అట్లాంటి తీగ తగిలి పోయాడు. తీగ పెట్టింది కూడా మనవాడే, పోయిందీ మనవాడే. ఒక ఇల్లు శ్మశానానికి, ఇంకో ఇల్లు జైలుకు పోయాయి. పంది మాత్రం మళ్లీ వచ్చింది.

ఇంకో చట్టం కూడా తెలుసుకోవాలి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం, చేతిలో లైసెన్సు తుపాకీ ఉన్నా అనుమతి లేకుండా పందిని కాల్చడం నేరమే. 11వ సెక్షన్ కింద, పంటకు నష్టం చేసే జంతువును చంపడానికి అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. 2021లో తెలంగాణ ప్రభుత్వం పంట పాడుచేసే అడవి పందుల్ని గుర్తింపు ఉన్న షూటర్లతో కాల్పించే అధికారం సర్పంచులకు ఇచ్చింది. అయితే అట్లా కాల్చిన పంది కూడా 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తే. భూమి పండుగకు విల్లంబులతో అడవికి పోయి, దొరికింది ఇంటింటికీ పంచుకున్న మన తాతలకు ఈ సంగతి చెప్తే నవ్వుతారు. మనకు పోడు పట్టాలిచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం కూడా, సంప్రదాయ హక్కులన్నీ ఒప్పుకుంటూనే వేటను మాత్రం పేరు పెట్టి బయట ఉంచింది.

నేను వేట హక్కు కోసం రాయట్లేదు. పంది పులికి తిండి, అడవిలో దాని చోటు దానికి ఉంది. నేనడిగేది చేను గురించే. కర్ణాటకలోని కొడగులో కొడవలకు తుపాకీ లైసెన్సు నుంచి మినహాయింపు బ్రిటిష్ వాళ్ల కాలం నుంచి ఉంది. 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. వాళ్ల సంప్రదాయాన్ని గౌరవించారు, మంచిదే. అదే దేశంలో, చట్టంలో రాసి ఉన్న పంట లైసెన్సు అడగాలంటే మనకు వణుకు ఎందుకు? ఒక జాతి చేతిలో తుపాకీ సంప్రదాయమై, ఇంకో జాతి చేతిలో అనుమానం ఎట్లా అవుతుంది? దీని గురించి మనం చదువుకున్నవాళ్లం మాట్లాడాలి.

అన్నకు నేను చెప్పింది ఇదీ. తుపాకీ తర్వాత, ముందు కాగితం. పంట పాడైన రోజే ఫోటోలు తీసి, తేదీ, సర్వే నంబరు, ఎంత నష్టమో రాసి అటవీ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకో. గ్రామసభలో పందుల సమస్య మీద తీర్మానం రాయించు. షూటర్‌ను పిలిపించమని పంచాయతీని రాతపూర్వకంగా అడుగు. పంట కాపలా లైసెన్సుకు ఒక్కడివే పోకు, నష్టపోయిన ఇళ్లవాళ్లంతా కలిసి దరఖాస్తు పెట్టండి. ఒప్పుకోకపోతే కారణం రాసి ఇమ్మనండి. కరెంటు తీగ మాత్రం మన ఊళ్లో ఎవరూ పెట్టకూడదని పెద్దమనుషులతో మాట తీసుకో.

అన్న అంతా విని "ఇంత తిరగాల్నా తమ్మీ, ఈలోపు పంట పోదా" అన్నాడు. ఈ పంట పోవచ్చు. అందుకే దరఖాస్తు రాయడం అన్నకు వదిలేయకుండా, వచ్చే సెలవుల్లో నేనే పోయి ఇల్లిల్లూ తిరిగి రాస్తానని చెప్పా. మీ ఊళ్లో ఎవరికైనా పంట లైసెన్సు వచ్చి ఉంటే, షూటర్ వచ్చి ఉంటే, ఎట్లా వచ్చిందో కింద రాయండి. ఆ కాగితాల నమూనాలు అందరికీ పనికొస్తాయి.