ప్రపంచ మతముల పరీక్షకు నేను చదివిన విధము

పరీక్షకు చదువుట యనగా జ్ఞాపక ముంచుకొనుటయే యని మనలో ననేకుల యభిప్రాయము. గణితమునకు సూత్రములు, చరిత్రకు సంవత్సరములు, భూగోళమునకు పటములు కంఠస్థమైనచో భయము లేదందుము. ఈ సంవత్సరము పదవ తరగతివారమైన మాకు సాంఘికశాస్త్రోపాధ్యాయులు ప్రపంచ మతములను గూర్చి యొక పరీక్ష నేర్పాటు చేసిరి. ఇది తక్కిన పరీక్షలవంటిది కాదని చదివినకొలది నాకు తెలిసివచ్చినది. లెక్క తప్పు వేసిన యెడల లెక్క నొచ్చుకొనదు. మతమును గూర్చి తప్పు వ్రాసిన యెడల ప్రక్క బల్లమీద గూర్చున్న స్నేహితుడు నొచ్చుకొనును. ఆ పరీక్షకు నేను సిద్ధమైన విధము తోడి విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును నుపయోగపడునేమో యని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదటి యాటంకము మా యింటనే కలిగినది. మాది కొల్లాపురము. నాయన సంగతి విని కొంతసేపు మాటాడలేదు. తరువాత, "మన పురాణములే నీకు సరిగా రావు. పరుల గ్రంథములు చదివిన తరువాత నీవు మావాడవుగానే యుందువా?" యని యడిగెను. ఈ ప్రశ్న నవ్వదగినది కాదు. బిడ్డను మిషను పాఠశాలకు పంపిన ప్రతి తండ్రి మనస్సులోను నెప్పుడో యొకప్పుడు మెదలిన ప్రశ్నయే యిది. క్రైస్తవ కుటుంబములలోని పెద్దలకును, మహమ్మదీయ కుటుంబములలోని పెద్దలకును నిదే భయము గలదని నా స్నేహితులవలన వింటిని.

ఉపాధ్యాయులవారు దీనిని ముందుగనే యూహించి యింటికి చీటి పంపిరి. అందు రాజ్యాంగములోని 28వ యధికరణమును వివరించిరి. ప్రభుత్వ గుర్తింపుగాని సహాయముగాని పొందిన విద్యాసంస్థలో మతబోధకు గాని ప్రార్థనకు గాని యెవరిని నిర్బంధింపరాదు. విద్యార్థి మైనరైనచో సంరక్షకుని సమ్మతి యుండవలయును. ఇది 1950వ సంవత్సరము జనవరి 26వ తేదినుండి మన దేశములో నమలులో నున్న నియమము. అయితే, ఒక మతమును నమ్ముమని బోధించుట వేరు, మతములను గూర్చి తెలిసికొనుట వేరు. మతములను గూర్చి తులనాత్మకముగా చదువుట రాజ్యాంగ విరుద్ధము కాదని 2002వ సంవత్సరమున అరుణారాయ్ గారి వ్యాజ్యములో సుప్రీంకోర్టువారు తీర్పు చెప్పిరి. అయినను పెద్దల సమ్మతి లేనిదే యెవ్వరిని పరీక్షకు గూర్చుండబెట్టమని చీటిలో వ్రాసిరి. నాయన రెండు దినము లాలోచించి సంతకము చేసెను. కాని యొక షరతు పెట్టెను: చదివిన ప్రతి పాఠమును రాత్రి భోజనానంతరము తనకును అవ్వకును వినిపింపవలయును.

నేను మొదట పుస్తకములో నొక పట్టిక గీసితిని. మతము, స్థాపకుడు, గ్రంథము, ప్రార్థనాస్థలము, పండుగలు అని యైదు గడులు. ఇస్లామునకు ఖురాను, అందు 114 సూరాలు, ఆచరణకు అయిదు మూలస్తంభములు. క్రైస్తవులకు బైబిలు, అందు క్రొత్త నిబంధనలో 27 గ్రంథములు. యూదులకు మోషే ధర్మశాస్త్రమని చెప్పబడు 5 గ్రంథములు. సిక్కులకు పదుగురు గురువులు, 1430 పుటల గురుగ్రంథ సాహెబు. జైనులకు 24 తీర్థంకరులు, మూడు రత్నములు, అయిదు వ్రతములు. బౌద్ధులకు నాలుగు ఆర్యసత్యములు, అష్టాంగ మార్గము. ఇంతవరకు పని సుళువుగనే సాగినది.

హిందూమతమునకు వచ్చుసరికి స్థాపకుని గడి ఖాళీగా నిలిచినది. గ్రంథపు గడిలో నొక పేరు వ్రాసిన చాలదు, పది పేర్లు వ్రాసినను చాలదు. బౌద్ధమునకు దేవుని పేరు వ్రాయబోయిన, సృష్టికర్తను నమ్ముట ఆ మార్గమునకు పునాది కాదని తెలిసినది. మన నల్లమల యడవిలోని చెంచులకు లింగమయ్యయు, మైసమ్మయు గలరు. పూజయు, మ్రొక్కుబడియు గలవు. వ్రాతలోని గ్రంథము మాత్రము లేదు. గ్రంథము లేనంతమాత్రమున వారికి మతము లేదనవచ్చునా? నేను గీసిన గడులు కొన్ని మతముల కొలతలకే సరిపోవుచున్నవి. ఒకరి చొక్కా తొడిగి వేరొకరి కొలత తీసినట్లగునని, పట్టికను జ్ఞాపకమునకు మాత్ర ముంచుకొని, ప్రతి మతమునకు వేఱుగా నొక పుట తెఱచితిని.

అంతట నింకొక నియమము పెట్టుకొంటిని. ఒక మతమును గూర్చి నేను వ్రాసిన సమాధానమును ఆ మతస్థుడైన పెద్ద కొకరికి చదివి వినిపింపవలయును. ఆయన "ఔను, ఇది మా సంగతియే" యన్నప్పుడే దానిని ముగించవలయును. మా వీధిలో నిది కష్టము కాదు. బజారులో దొరకు గైడు పుస్తకమొకదానిలో ముస్లిములు మహమ్మదు ప్రవక్తను పూజింతురని యుండెను. నా స్నేహితుని తాతగారికి ఆ వాక్యము చదివి చూపగా, ఆయన కోపగించుకొనక, "బేటా, పూజ అల్లాకే. ప్రవక్తగారు మార్గము చూపినవారు. వారి పేరు విన్నప్పుడు సలాము పలుకుదుము, వారిని పూజింపము" అని చెప్పెను. ఒక్క క్రియాపదము మారినంతనే సమాధానము సత్యమైనది. అట్లే, క్రైస్తవులకు ముగ్గురు దేవుళ్లని వాడుకలో విను మాటను మా తరగతిలోని క్రైస్తవ మిత్రుని తల్లిగారు సరిదిద్దిరి. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ యను ముగ్గురుగా నున్నను దేవు డొక్కడే యనునది వారి విశ్వాసము.

రాత్రివేళ వినుటకు గూర్చున్న అవ్వ గైడు పుస్తకములలో లేని ప్రశ్నల నడుగసాగెను. ఆమెకు స్థాపకుడు, సంవత్సరము అక్కరలేదు. "వాండ్ల యింట మనిషి పోయిన యెడల ఏమి చేతురు నాయనా?" అనునది ఆమె మొదటి ప్రశ్న. ముస్లిములు స్నానము చేయించి, కఫను చుట్టి, జనాజా నమాజు చేసి, ముఖము మక్కా దిక్కునకు త్రిప్పి పూడ్తురనియు, క్రైస్తవులు పునరుత్థానమునందలి నిరీక్షణతో సమాధి చేయుదురనియు, సిక్కులు మనలో పెక్కుమందివలె దహనము చేయుదురనియు, పార్శీల ప్రాచీన సంప్రదాయము దఖ్మాలో నుంచుటయనియు చెప్పితిని. ఆమె కొంత తడ వూరకుండి, "అందరును సాగనంపుటయే" అనెను. ఆ మాటవలన నాకు చదువు దారి కనబడినది. మతమును పేర్లనుండి కాక, పుట్టుట, పెండ్లి, ఆకలి, మరణము అను నాలుగు సందర్భములనుండి చదివిన యెడల మరచుట యరుదు.

ఇచ్చట నొక చిక్కు గలదు. అన్ని మతములు నొకే మాట చెప్పుచున్నవని ముగించుట విద్యార్థులకు మిక్కిలి సుళువు. అది మంచిమనస్సుతో వ్రాయు వాక్యమే యైనను పూర్ణసత్యము కాదు. రంజాను ఉపవాసము, క్రైస్తవుల శ్రమకాల ఉపవాసము, ఏకాదశి, జైనుల పర్యూషణము చూచుట కొక్కటిగా నుండవచ్చును, కాని వాని యుద్దేశములు వేఱు. హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులు పునర్జన్మ నంగీకరింతురు. క్రైస్తవులును ముస్లిములును నంగీకరింపరు. ఏసుక్రీస్తు సిలువపై మరణించి తిరిగి లేచెననునది క్రైస్తవ విశ్వాసమునకు ప్రాణము. ముస్లిములు ఏసును ఈసా ప్రవక్తగా గౌరవింతురు గాని ఆ సిలువ మరణమును నమ్మరు. ఈ భేదములను దాచిన యెడల ఇరువురికి నన్యాయము చేసినవార మగుదుము. భేదమును దూషణ లేకుండ చెప్పుటయే యీ పరీక్షలోని కష్టమైన ప్రశ్న.

ఈ కష్టము క్రొత్తది కాదు. మనకు దక్షిణమున కర్నూలు జిల్లాలోని యెఱ్ఱగుడి బండలపై అశోకుని శాసనములు గలవు. క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దికి చెందిన ఆ శాసనములలో పండ్రెండవదాని భావ మేమనగా, తన మతమును మితిమీరి పొగడి పరమతమును నిష్కారణముగా నిందించువాడు తన మతమునకే హాని చేయును. కావున మాటను అదుపులో నుంచుకొనవలయును, ఒకరి ధర్మము నొకరు వినవలయును. మన కృష్ణానది దిగువనున్న నాగార్జునకొండలో మూడవ శతాబ్దిన ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధము చేసిన వైదికుడు. అతని సోదరి శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యమునకు దానము లిచ్చిన భక్తురాలు. ఒకే యింట యజ్ఞమును చైత్యమును నిలిచినవి. ఇది వినిపించినప్పుడు నాయన, "మరి అన్నాచెల్లెండ్రు విడిపోలేదా?" యని యడిగెను. శాసనములలో ఆమె తన సోదరుని గౌరవముగనే పేర్కొనెనని చెప్పితిని.

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి సంగతియు నే నాయనకు వినిపించితిని. 1888లో తెలుగు కుటుంబమున పుట్టిన ఆ మహనీయుడు తిరుపతిలో లూథరను మిషను పాఠశాలలోను, పిమ్మట వెల్లూరులోను, మదరాసు క్రైస్తవ కళాశాలలోను చదివెను. హిందూధర్మముపై మిషనరీలు చేసిన విమర్శలు విని బాధపడి, ఆ బాధతో తన మతమును లోతుగా చదివి, 1908లో వేదాంతమునందలి నీతిని గూర్చి వ్యాసము వ్రాసెను. దానిని మెచ్చుకొన్నవారు ఆ కళాశాలలోని క్రైస్తవాచార్యులు హాగ్ గారే. 1936లో ఆయన ఆక్స్‌ఫర్డులో ప్రాచ్య మతములు, నీతిశాస్త్రముల ఆచార్యు డయ్యెను. పరుల ప్రశ్న ఆయనను ఇల్లు విడిపింపలేదు, ఇంటి పునాదిని చూడ పురికొల్పినది.

నాయన సందేహము తీరినది మాత్రము ఈ మాటలవలన కాదు. ఒక రాత్రి మా మతమును గూర్చిన సమాధానము చదువుచుండగా, మా యూరి మాధవస్వామి యాలయములోని విష్ణుమూర్తులు ఇరువదినాలుగని వ్రాసినది వినిపించితిని. "ఇరువదినాలుగే యేల?" అని నేనడిగిన ప్రశ్నకు నాయన యొద్ద జవాబు లేకపోయెను. మరునాడు తానే నన్ను వెంటబెట్టుకొని గుడికి వచ్చెను. ఆ యాలయము మొదట కృష్ణయొడ్డున మంచాలకట్టలో నుండెను. శ్రీశైలము జలాశయమున మునుగకుండ రాళ్లు విప్పి తెచ్చి కొల్లాపురములో తిరిగి కట్టిరి. మే మొక్కొక్క మూర్తి యెదుట నిలిచి చేతులను చూచితిమి. అన్నిటికి నాలుగు చేతులే. శంఖము, చక్రము, గద, పద్మము అను నాలుగే యాయుధములు. ఏ చేత నేది యున్నదను క్రమము మాత్రము మారుచుండును. నాలుగు వస్తువులను నాలుగు చేతులలో నుంచు విధములు నాలుగింట మూడింట రెండింట నొకటి హెచ్చించిన ఇరువదినాలుగు. కేశవుడు మొదలు కృష్ణునివరకు నిత్యము సంధ్యలో చెప్పు పేర్లే యవి. నాయన ఆ పేర్లను చిన్ననాటినుండి పలుకుచున్నవాడే. వాని వెనుకనున్న లెక్కను మాత్రము ఆ దినమే చూచెను. వచ్చునప్పుడు, "ఈ పరీక్ష నీకొక్కనికే కాదురా" అనెను. మరుసటి రాత్రినుండి ఆయనయే నా పుస్తకము తెఱచి ప్రశ్నలు వేయసాగెను.

తోడి విద్యార్థులకు నా మనవి యిది. 2011వ సంవత్సరపు జనగణనలో మన దేశమున నూటికి హిందువులు 79.8, ముస్లిములు 14.2, క్రైస్తవులు 2.3, సిక్కులు 1.7, బౌద్ధులు 0.7, జైనులు 0.4 అని యున్నది. ఈ యంకెలను తప్పక నేర్చుకొనుడు. కాని 0.4 అనునది చిన్న యంకె యైనను, ఆ విశ్వాసము గల మనిషికి అది నూటికి నూరని మరువకుడు. తల్లిదండ్రులకు మనవి: సంతకము చేసి యూరకుండక, పిల్లలచేత పాఠము చదివించుకొని వినుడు, మీ ప్రశ్నలు గైడు పుస్తకములకన్న మేలైనవి. ఉపాధ్యాయులకు నమస్కారము: సమాధానమును దిద్దునప్పుడు, ఆ మతమువాడు దీనిని విని యొప్పుకొనునా యని యొకసారి తలచుకొన ప్రార్థించుచున్నాను. ఆ కొలతకు నిలిచిన సమాధానమునకు మార్కులు తక్కువైనను చింత లేదు.