నూకల బస్తాలో నిండు గింజ

మొన్న సంక్రాంతి సెలవులకు సూర్యాపేట వెళ్ళినప్పుడు మా అక్క కొడుకు నన్ను తన కొత్త కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, "మామా, దీన్ని ఎంతదాకా గుంజొచ్చు?" అని అడిగాడు. వాడు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి బతుకుతున్నవాడు. ఏడాదిగా కూడబెట్టిన డబ్బుతో ఏఎండీ వారి రైజెన్ 7 9700ఎక్స్ ప్రాసెసర్ కొన్నాడు. 2024 ఆగస్టులో విపణిలోకి వచ్చిన తరం అది. ఎనిమిది కోర్లు, 65 వాట్ల ముద్ర. అయితే విడుదలైన కొద్ది వారాలకే దాన్ని 105 వాట్ల దాకా నడుపుకోవచ్చంటూ తయారీదారే బయోస్ ద్వారా ఒక మీట ఇచ్చాడు. మావాడి చూపంతా ఆ మీట మీదే ఉంది.

ఒకప్పుడు నేనూ అదే ప్రశ్న అడిగినవాణ్ణి. దానికి చెల్లించిన మూల్యం నాది కాదు, మా నాయినది. అందుకే వాడికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు కోసమే ఈ టపా.

నేను కోదాడలో ఇంజనీరింగు చదివే రోజుల్లో, అంటే 2007లో, నా మొదటి కంప్యూటర్ కొనుక్కున్నాను. సూర్యాపేటలో ఒక అన్న చిన్న దుకాణం నడిపేవాడు. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి విడిభాగాలు అట్టపెట్టెల్లో కట్టించి విజయవాడ బస్సులో వేయించుకునేవాడు. బస్సు చాయ్ కోసం ఆగినప్పుడు వాటిని దించుకుని, రాత్రికి రాత్రి బిగించి ఇచ్చేవాడు. నా డబ్బుకు వచ్చింది ఇంటెల్ పెంటియం డ్యూయల్ కోర్ ఇ2140. అంతకుముందు ఏడాది పేరు మోసిన కోర్ 2 డుయోకు పేద తమ్ముడు. వేగం 1.6 గిగాహెర్ట్జ్, అనగా 200 మెగాహెర్ట్జ్ గడియారానికి ఎనిమిది రెట్లు.

"గడియారాన్ని 333 చేయి తమ్మీ, ఏమైతదో చూడు," అన్నాడు అన్న. చేశాను. ఎనిమిది రెట్లు 2.66 గిగాహెర్ట్జ్ అయింది. కంప్యూటర్ నిక్షేపంగా నడిచింది. పైసా ఖర్చు లేకుండా మూడింట రెండు వంతుల వేగం అదనం! చదువరులలో ఆ సుఖం ఎరిగినవారు ఉండే ఉంటారు. అది వేగం వల్ల వచ్చే సుఖం కాదు. పెట్టె మీద అచ్చు వేసిన అంకెకూ లోపలి వస్తువు నిజమైన శక్తికీ నడుమ ఉన్న మిగులును మన చేత్తో తవ్వి తీసుకున్నామన్న సుఖం.

ఈ విద్యకు అప్పటికే ఒక పరంపర ఉంది. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఎ అనే చిప్పుకు బస్సు వేగాన్ని 66 నుంచి 100కు పెంచితే 300 మెగాహెర్ట్జ్ కాస్తా 450 అయ్యేది. 2000లో వచ్చిన అథ్లాన్, డ్యూరాన్ చిప్పుల పైన తెగి ఉన్న సన్నని గీతలను మామూలు పెన్సిలుతో కలిపి, బిగించిన తాళాన్ని విప్పినవారున్నారు. పెన్సిలులోని గ్రాఫైటు విద్యుత్తును ప్రవహింపజేస్తుంది గనుక అది సాధ్యమైంది. ప్రతి కొత్త తరమూ ఔత్సాహికులకు ఇచ్చిన అసలు కానుక ఆ మిగులే.

ఆ మిగులు ఎక్కడి నుంచి వస్తుందో మిర్యాలగూడవాడినైన నాకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. 1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వచ్చిన తర్వాత మా ప్రాంతమంతా వరి, మా ఊరంతా రైసుమిల్లులు. మా నాయిన అందులో ఒక మిల్లులో గుమాస్తా. ఒకే కళ్ళంలోని వడ్లు మిల్లుకు వస్తాయి. రబ్బరు రోలర్ల నడుమ ఊక ఊడిపోతుంది, పాలిషులో తవుడు రాలుతుంది, జల్లెళ్ళ మీద నిండు గింజ ఒక దిక్కు, నూక మరొక దిక్కు పోతాయి. సార్టెక్స్ యంత్రం రంగు మారిన గింజను కనిపెట్టి గాలి దెబ్బతో అవతల పడేస్తుంది. పంట ఒక్కటే, బస్తాల మీద ముద్రలు వేరు, ధరలు వేరు.

ప్రాసెసర్ల కథా ఇంతే. గుండ్రటి సిలికాన్ పలక మీద ఒకే అచ్చున ఎన్నో చిప్పులు పండుతాయి. పరీక్షించి చూసి ఎక్కువ వేగానికి నిలిచినవాటిని పెద్ద ధరకూ, తక్కువకు నిలిచినవాటిని చిన్న ధరకూ ముద్ర వేస్తారు. నాలుగు కోర్లలో ఒకటి చెడితే దానిని మూసివేసి, మూడు కోర్ల చిప్పుగా అమ్ముతారు. కానీ చవక చిప్పులకు గిరాకీ ఎక్కువై చెడినవి చాలకపోతే, మంచివాటినే ఒక కోరు మూసి ఆ బస్తాలో పోస్తారు. నూకల బస్తాలో నిండు గింజ దొరికే అవకాశం అక్కడ ఉంది.

2009 ఫిబ్రవరిలో వచ్చిన ఏఎండీ ఫినామ్ 2 ఎక్స్3 720 అటువంటిదే. మూడు కోర్లు, 2.8 గిగాహెర్ట్జ్. కొన్ని మదర్‌బోర్డులలో అడ్వాన్స్‌డ్ క్లాక్ క్యాలిబ్రేషన్ అనే అమరికను మారిస్తే మూసివేసిన నాలుగో కోరు మేల్కొనేది. అందరికీ కాదు, అదృష్టం ఉన్నవారికి.

2010 జనవరిలో నాయిన పనిచేసే మిల్లుకు లెక్కల కోసం కంప్యూటర్ కావలసి వచ్చింది. "మావోడు చేసిస్తడు," అని సేటుకు నాయినే మాట ఇచ్చాడు. సూర్యాపేట అన్న దగ్గర ఆ చిప్పునే కొని బిగించాను. నాలుగో కోరు మేల్కొంది. రాత్రంతా పరీక్ష పెట్టాను, తెల్లవారినా తప్పు రాలేదు. నిజానికి వడ్ల లెక్కలకు ఒక్క కోరు చాలు. అయినా ఎందుకు చేశానంటే, చేయగలిగాను గనుక.

మే నెల వచ్చింది. మిల్లు ఆఫీసు రేకుల గది. మా జిల్లా ఎండ సంగతి తెలిసినవారికి ఆ గది ఎలా ఉంటుందో వర్ణించనక్కరలేదు. సిలికాన్ వేడెక్కే కొద్దీ అందులో సంకేతం అందవలసిన వేళకు అందదు. ఒకటి రావలసిన చోట సున్నా వస్తుంది. ఆ తప్పు చప్పుడు చేయదు. కంప్యూటర్ ఆగిపోతే మనకు తెలుస్తుంది. తప్పు అంకెను నిబ్బరంగా రాసుకుంటూ పోతే ఎవరికి తెలుస్తుంది? ఒకనాటి ఉదయం లెక్కల ఫైలు తెరుచుకోలేదు. నకలు తీసి పంతొమ్మిది రోజులైంది. అది కొనుగోళ్ళ కాలం.

నాయిన కాంటా చీటీలు ముందర వేసుకుని మూడు రాత్రులు కూర్చుని పంతొమ్మిది రోజుల లెక్కా చేత్తో తిరిగి రాశాడు. నేను పక్కన కూర్చుని చీటీలు చదివాను. రెండో రాత్రి నిజం చెప్పేశాను. ఆయన కలం ఆపకుండానే అన్నాడు:

"నాలుగోది నూకనే అని తెల్సి బియ్యంల కలిపినవా?"

"తెల్వదు నాయినా. మంచిదేమో అనుకున్న."

"అనుకునుడు కాదురా. జల్లెడ పట్టినోడు పక్కకు పెట్టిండంటే ఏదో చూసే పెట్టిండు."

గిరాకీ కోసం మంచివాటిని కూడా పక్కకు పెడతారని నాకు తెలుసు. ఆయనకు చెప్పలేదు. చెప్పినా నా చిప్పు వాటిలో ఒకటి కాదు గదా. ఆ కోరును మళ్ళీ మూసేశాక అదే ఎండలో, అదే గదిలో ఒక్క తప్పూ రాలేదు.

సేటు నాయినను పల్లెత్తు మాట అనలేదు. కానీ మరుసటి వారం నుంచి నాయిన రాసిన లెక్కను సాయంత్రం సేటు బావమరిది మళ్ళీ సరిచూడటం మొదలుపెట్టాడు. అంతకుముందు ఇరవై రెండేళ్ళలో నాయిన లెక్కను సరిచూసినవారు లేరు. నాయిన ఆ మాట ఇంట్లో ఎత్తలేదు. నాకు మిల్లు హమాలీ ఒకతను చెబితే తెలిసింది.

ఇక నేటి తరం సంగతి. ఆ మిగులు ఇప్పుడు మనకు వదలడం లేదు. 2008 నాటి కోర్ ఐ7తోనే టర్బో వచ్చింది. చల్లదనం, విద్యుత్తు అనుకూలించినంతసేపు చిప్పు తనంతట తానే వేగం పెంచుకుంటుంది. 2011 నాటి ఇంటెల్ తరంలో బస్సు గడియారాన్ని కాస్త కదిపినా తక్కినవన్నీ తడబడేవి. కె అక్షరం ఉన్న ఖరీదైన చిప్పులకు మాత్రమే తాళం తీసి ఇచ్చారు. 2017లో రైజెన్ వచ్చి తాళాలు తీసిందిగానీ, తీసి చూస్తే లోపల పెద్దగా మిగులు లేదు. తయారీదారే కొసదాకా తోడేసి అమ్ముతున్నాడు. తోడడంలో వారికీ పొరపాట్లు జరుగుతాయి. 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పులు కొన్ని అధిక వోల్టేజి వల్ల క్రమంగా దెబ్బతింటున్నాయని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది. ఆగస్టులో మైక్రోకోడ్ సవరణ ఇచ్చి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. ఆ వార్త చదివినప్పుడు నాకు రేకుల గది గుర్తుకు వచ్చింది.

మరి ఔత్సాహికుడికి మిగిలిందేమిటి? నా మట్టుకు నాకు, ఎక్కడ ఆగాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ. మావాడి ముందే పరీక్షించాం. ఒక పెళ్ళి వీడియోను 105 వాట్ల అమరికలో బయటికి తీస్తే పది నిమిషాలు పట్టింది. 65లో పదకొండు. 105 తప్పేమీ కాదని వాడికి చెప్పాను. తయారీదారు జల్లెడ పట్టి ఇచ్చిన అంకె అది, వారంటీ పోదు. నేను చేసిన పని వేరు. అయితే ఆ ఒక్క నిమిషం కోసం చిప్పు లాగగలిగే విద్యుత్తు 88 వాట్ల నుంచి 142కు పెరుగుతుంది. ఆ 54 వాట్లూ వేడిగా మారి వాడి చిన్న గదిలోకే వస్తాయి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు అంత త్వరగా ఒట్టిపోతుంది. ఇప్పుడు జనవరి, ముందర మే ఉంది.

ఇంకొకటి కూడా చెప్పాను. వేగం సంగతి తర్వాత, ముందు ప్రతి పెళ్ళికీ రెండు నకళ్ళు రెండు డిస్కుల్లో ఉంచు. లెక్కయితే చీటీలు చూసి తిరిగి రాయొచ్చు, పెళ్ళిని తిరిగి తీయలేవు.

వాడు కాసేపు ఆలోచించి 65 లోనే ఉంచాడు. "నిమిషమే కద మామా, చాయ్ పోసుకునేలోపు అయిపోతది," అన్నాడు.

మర్నాడు కోదాడ మీదుగా మిర్యాలగూడ చేరాను. నాయినకు ఎనభై దగ్గరపడ్డాయి. మనవడి కంప్యూటర్ గురించి ఆసక్తిగా అడిగాడు. ఎనిమిది కోర్లని చెప్పాను.

"ఎనిమిదీ మంచియేనా?"

"మంచియే నాయినా."

"సరిచూసినవా?"

చూశానన్నాను. ఆయన తలూపి, రేడియో చేతిలోకి తీసుకున్నాడు.