తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందా?

ఈసారి పోస్టు రేట్ల గురించీ కాదు, ఎరువుల గురించీ కాదు. గట్ల మీద, కంచె కంపల మీద కూచుని తలాడించే తొండ గురించి. నవ్వుకోకుండా కాస్త చదవండి.

"తొండ ముదిరి ఊసరవెల్లి అయింది" అని మనందరం వాడే మాటే. మనుషుల విషయంలో అదెంత నిజమో మీకు నేను చెప్పక్కర్లేదు, ఆ జోలికి పోను. జంతువుల విషయంలో మాత్రం తప్పు. తొండ ఎంత ముదిరినా తొండే. ఊసరవెల్లి గుడ్డులోంచి బయటపడ్డ రోజు నుంచీ ఊసరవెల్లే.

తెలియకపోతే నష్టమేంటి అంటారా? నష్టం ఊసరవెల్లికి. అది చెట్టు దిగి దారి దాటుతుంటే పరిగెత్తలేదు, అడుగు తీసి అడుగు వేస్తుంది. "ముదిరిన తొండరా, విషం కక్కుతుంది" అని నలుగురూ రాళ్లు తీస్తారు. దానికి విషం లేదు, తొండకీ లేదు. పైగా ఊసరవెల్లికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. చంపినా, పట్టి అమ్మినా కేసే.

గుర్తుపట్టడం తేలికే. తొండ మెడ నుంచి వీపు మీదుగా రంపం పళ్లలాగా ముళ్లు ఉంటాయి. చెవి పైన కూడా చిన్న ముళ్లుంటాయి చూడండి. ఒళ్లంతా గరుకు పొలుసులు. తలా ఒళ్లూ కలిపి జానెడు లోపే, తోక దానికి రెండింతలు. జత కట్టే కాలంలో మగదానికి తల, మెడ ఎర్రగా నిప్పులా అవుతాయి. అది చూసే "దూరం నుంచే మన నెత్తురు పీలుస్తుంది" అని చిన్నప్పుడు భయపెట్టేవాళ్లు. ఇంగ్లీషు వాళ్లు కూడా దానికి బ్లడ్ సక్కర్ అనే పేరు పెట్టారు, వాళ్లూ మనకేం తీసిపోలేదు. ఆ ఎరుపు ఆడదాని కోసం, ఇంకో మగదాన్ని బెదిరించడం కోసం.

ఊసరవెల్లికి ఆ ముళ్ల వరస లేదు. ఒళ్లు రెండు పక్కలా నొక్కినట్టు పలచన, తల మీద టోపీ పెట్టినట్టు ఎత్తు. వేళ్లు రెండు ఒకవైపు, మూడు ఒకవైపు అతుక్కుని పటకారులా కొమ్మను పట్టుకుంటాయి. తోక చుట్టుకుంటుంది. ఒక కన్ను ముందుకు, ఒక కన్ను వెనక్కి తిప్పుతుంది.

శాస్త్రవేత్తలు తొండను 1802లోనే పుస్తకానికెక్కించారు. దోదాఁ అనే ఫ్రెంచి ఆయన పెట్టిన పేరులో వెర్సికలర్ అంటే రంగులు మార్చేది అని. ఇప్పుడు పూర్తి పేరు కాలోటిస్ వెర్సికలర్. దాని కుటుంబం అగామిడే. ఊసరవెల్లిది వేరే కుటుంబం, కమీలియోనిడే. అయితే ఈ రెండు కుటుంబాలూ దగ్గర చుట్టాలు. రెండింటికీ పళ్లు దవడ అంచు మీదే అతుక్కుని ఉంటాయట. అంటే సామెత కట్టినవాళ్లు చుట్టరికం సరిగ్గానే పట్టుకున్నారు, వరసే తప్పారు. అన్నదమ్ముల బిడ్డల్ని పట్టుకుని, ఒకడే పెద్దై ఇంకొకడయ్యాడు అన్నట్టు.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. గోడ మీద బల్లీ తొండా ఒకటే జాతి అనుకుంటాం కదా? డీఎన్ఏ చూసి తేల్చిన లెక్క ప్రకారం తొండకి బల్లి కన్నా పామే దగ్గర. ఉడుము కూడా ఆ వైపే. బల్లి వంశం ఎప్పుడో ముందే విడిపోయింది. తోక పట్టుకుంటే బల్లి వదిలేసి పోతుంది, తొండ అలా వదల్లేదు. అందుకే పిల్లలు తోకకు దారం కట్టి ఆడిస్తే పాపం అది చస్తుంది.

ఇక చేను సంగతి. తొండ తినేది ఎక్కువగా పురుగుల్నే. మిడతలు, గొంగళి పురుగులు, పెంకు పురుగులు, చీమలు. మంచి పురుగు, చెడ్డ పురుగు అని చూడదు, కదిలిందల్లా పట్టుకుంటుంది. కాబట్టి తొండలుంటే మందు అక్కర్లేదని నేను చెప్పను. కానీ పైసా అడక్కుండా పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనిచేసే కూలీ అది. మందు తిన్న పురుగును తింటే ఆ మందు దానికీ ఎక్కుతుంది.

వానాకాలంలో గట్లు చెక్కేటప్పుడు ఒకటి చూసుకోండి. ఆడ తొండ గుల్ల మట్టిలో గుంట తీసి 10 నుంచి 20 గుడ్లు పెట్టి, మట్టి కప్పి వెళ్లిపోతుంది. మళ్లీ వచ్చి చూడదు. నెలన్నర దాకా అవి అక్కడే ఉంటాయి. తెల్లగా, మెత్తటి తోలుతో, ఇంచుమించు చింతగింజ పొడవుంటాయి. పాము గుడ్లని పారతో నలిపేస్తుంటారు. నాగుపాము, జెర్రిపోతు గుడ్లు వీటికి చాలా పెద్దవి. చింతగింజంతవి కనబడితే మళ్లీ మట్టి కప్పి పారను నాలుగడుగులు అవతల వేయండి.

నలికండ్ల పాము అసలు పామేనా అని మొన్న ఒక తమ్ముడు అడిగాడు. కాదు తమ్ముడూ, దాని సంగతి వచ్చే పోస్టులో రాస్తా.