కాటుక చారల తల్లి

ఆఫ్రికా అడవి అంటే మీరేమనుకుంటారో గాని, నేను మాత్రం చెట్లూ తీగలూ అల్లుకుపోయి పట్టపగలే చీకటిగా ఉంటుందనుకున్నాను. కెన్యాలోని మాసాయి మారా అలా లేదండీ. చూపు ఆనినంత మేరా గడ్డి. అక్కడక్కడ గొడుగు విప్పినట్టు తుమ్మజాతి చెట్లు. మారా అంటే మాసాయి వాళ్ళ భాషలో మచ్చలమచ్చలుగా ఉన్నదని అర్థమట.

మా తమ్ముడి ఉద్యోగం నైరోబీలో. క్రిందటేడు ఆగస్టులో మావారూ నేనూ వెళ్ళాం. అక్కడి నుంచి మారాకి కారులో అయిదారు గంటలు. వెళ్ళదలచిన వాళ్ళకి ఒక మాట. ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి, తిరిగొచ్చేటప్పుడు మన వాళ్ళు ఆ కార్డు అడుగుతారు. ప్లాస్టిక్ సంచులు తీసుకెళ్ళకండి, 2017 నుంచి ఆ దేశంలో నిషేధం. నేను పులిహోర స్టీలు డబ్బాలోనే సర్దాను. స్వెట్టరు మరిచిపోయి తెల్లవారుజామున వణికాను, అది వేరే సంగతి.

పొద్దున్నే పైకప్పు లేచే వ్యానులో బయల్దేరాం. డ్రైవరు నన్ను "మామా" అని పిలిచేసరికి మావారు పడీపడీ నవ్వారు. అక్కడ పెద్ద ఆడవాళ్ళని గౌరవంగా అలాగే పిలుస్తారట! ఏనుగుల గుంపు కనబడింది. ముందు నడిచేది ముసలి ఆడ ఏనుగే, మిగతావన్నీ దాని వెనకే. మారా నది ఒడ్డున వైల్డ్‌బీస్ట్‌లు వేలల్లో ఉన్నాయి. అవి దాటుతాయని రెండు గంటలు కాచుకున్నాం. ఒక్కటీ దిగలేదు, మేం పులిహోర తినేశాం.

అంతలో వైర్లెస్‌లో "దుమా" అన్న మాట వినబడింది. దుమా అంటే చీతా. మన చిరుతపులి కాదండోయ్. చిరుత మచ్చలు పువ్వుల్లా ఉంటాయి, చీతావి బొట్టు పెట్టినట్టు నిండుగా ఉంటాయి. కళ్ళ నుంచి నోటిదాకా కాటుక కారినట్టు నల్లటి చారలు. మన దేశంలో అంతరించిపోయిందని 1952లో ప్రకటించారు, మళ్ళీ 2022లో నమీబియా నుంచి కునోకి తెచ్చారు.

ఇది తల్లి. వెనక గడ్డిలో మూడు పిల్లలు, వీపు మీద బూడిదరంగు జూలుతో. చీతాల్లో తండ్రి పిల్లల్ని పట్టించుకోడు. ఏడాదిన్నర దాకా వేటా కాపలా అన్నీ తల్లివే. దూరంగా ఒక జింక మేస్తోంది. తల్లి పొట్ట గడ్డికి ఆనించి, అడుగులో అడుగు వేస్తోంది.

నాకు ఫోటోలో దాని ముఖం పడటం లేదు. "ఇంకొంచెం ముందుకి పోనివ్వమనరా" అన్నాను తమ్ముడితో. "వద్దక్కా" అన్నాడు వాడు. నేను వింటేగా! డ్రైవరు మొహమాటపడి బండి కదిలించాడు. మా వెనకే ఇంకో బండి, దాని వెనక మరోటి. ఒక జంతువు దగ్గర 5 బళ్ళు మించకూడదని అక్కడి నియమం. లెక్కపెడితే 11 ఉన్నాయి. జింక తలెత్తింది. తల్లి ఉరికింది. చీతా పరుగు మూడు నాలుగు వందల మీటర్లే, ఆ లోపు అందాలి. అందలేదు. ఆగిపోయి, డొక్కలు ఎగరేస్తూ నిలబడింది. పిల్లలు కీచుకీచుమంటూ దాని దగ్గరికి చేరాయి.

బండిలో ఎవరూ మాట్లాడలేదు. "పోదాం పదండి" అన్నది నేనే.

బళ్ళ రద్దీ ఎక్కువున్న చోట చీతా తల్లులకు దక్కే పిల్లలు బాగా తక్కువని మారాలోనే చేసిన పరిశోధన 2018లో వచ్చిందని రాత్రి తమ్ముడు చెప్పాడు. ముందే ఎందుకు చెప్పలేదురా అని వాడి మీదే విసుక్కున్నాను.

తిరిగొచ్చేటప్పుడు సాయంత్రం అదే దారి. దూరంగా తల్లీ పిల్లలూ వరసగా నడుస్తూ కనిపించాయి. డ్రైవరు నావైపు చూశాడు. ఆపొద్దని చెయ్యి ఊపాను. బైనాక్యులర్లో ఎంత చూసినా దాని కడుపు నిండిందో లేదో తెలియలేదు.

"చీతా ఫోటో ఏదీ వదినా?" అని మా మరదలు అడిగింది. ఏనుగులవి చూపించాను.