పై అరలోని సీసాలు

మే 4, 2025. తిరుపతి

మా ఊళ్లో వైనుకు బేరం లేదు. సీసా మీద ఎంత అచ్చేస్తే అంత. తిరుపతిలో అంతే, చిత్తూరులో అంతే, కుప్పంలో అంతే. ఎమ్మార్పీకి మించి తీసుకుంటే మొదటిసారి అయిదు లక్షల జరిమానా, రెండోసారి లైసెన్సు రద్దు అని నిరుడు కొత్త పాలసీ వచ్చినప్పుడే ముఖ్యమంత్రి హెచ్చరించారు. తగ్గించి అమ్మితే ఏమవుతుందో ఎవరూ అడగలేదు, తగ్గించేవాళ్లు ఉంటే కదా! సూపర్‌మార్కెట్‌లో పప్పుకీ సబ్బుకీ ఆఫర్లుంటాయి గానీ ఆ అరల్లో సీసాకు చోటు లేదు. మరి తక్కువ డబ్బుకు మంచి వైను అనే మాట ఇక్కడ చెల్లుతుందా? ఈ వేసవికి నా పని ఇదే.

మే 6

సాయంత్రం షాపుకెళ్లా. "వైన్ ఏముందబ్బా?" అంటే కౌంటరు దగ్గర కుర్రాడు కాస్త ఆగి నా మొహం చూశాడు.

"రెడ్ వైనా సార్? ఉండాది. దాన్ని ఎవురడగతారు సార్ ఈడ?"

స్టూలేసుకుని పై అరలోంచి మూడు సీసాలు దించాడు. దుమ్ము తుడిచాడు. ఒకదాని మెడ చుట్టూ జిగట. ఎప్పటి సరుకని అడిగాను. "షాపు తెరిచినప్పుడు వచ్చినాయి సార్" అన్నాడు. అంటే నిరుడు అక్టోబరు. అప్పటినుంచీ ట్యూబులైటు కింద, రేకుల కప్పుకు మూరెడు దూరంలో నిలబడే ఉన్నాయి. కింద అరలో తొంభై తొమ్మిది రూపాయల క్వార్టరు మాత్రం, నేనున్న పది నిమిషాల్లోనే పెట్టె ఖాళీ అయ్యింది. ఆ క్వార్టరు ఎప్పుడూ తాజాగానే ఉంటుంది. దానికి తాజాదనంతో పనిలేదు, అది వేరే సంగతి.

మే 11

ఎండ మండుతోంది. మధ్యాహ్నం కొళాయి తిప్పితే వేణ్నీళ్లే.

బ్రాందీని అటక మీద పడేసి పదేళ్ల తర్వాత దించినా దానికేం కాదు. బీరు సీసా మీద గడువు రాసి ఉంటుంది, చూసుకుని మానేయొచ్చు. వైను ఈ రెండిటి మధ్యా ఇరుక్కుంది. గడువు రాయరు, కానీ పాడవుతుంది. పన్నెండు నుంచి పదిహేను డిగ్రీల చల్లదనంలో ఉండాల్సింది. ముప్పై డిగ్రీల గదిలో కొన్ని వారాలుంటే పండు వాసన పోతుంది. నలభైలో సీసా లోపలి ద్రవం వ్యాకోచించి బిరడాను పైకి తోస్తుంది. ఆ సందులోంచి కాస్త వైను బయటికి, కాస్త గాలి లోపలికి. మొన్నటి సీసా మెడ మీది జిగట అదే. తెల్ల వైనైతే గడ్డిరంగు పోయి టీ డికాషన్ రంగుకు తిరుగుతుంది. ఎర్రదైతే కంటికి అంతగా తెలియదు, నాలుకకు తెలుస్తుంది: ఉడకబెట్టిన కిస్‌మిస్ రుచి.

ధర అంతటా ఒకటే అయినప్పుడు లాభనష్టాలు సీసా లోపలే తేలాలి. ఒకే రేటుకు ఒకడికి వైను దొరుకుతుంది, ఇంకొకడికి కషాయం దొరుకుతుంది.

మే 13

"ఏడుకొండలవాడి కాళ్ల దగ్గర కూర్చుని రాసే రాతలేనా ఇవి?" అంది మా ఆవిడ. అలిపిరి దాటితేనే నిషిద్ధం, మన ఇల్లు అలిపిరికి ఇవతలే కదా అన్నాను. కొండవైపు తిరిగి దణ్ణం పెట్టుకుని లోపలికెళ్లింది. నా తరఫున కూడా పెట్టే ఉంటుంది.

మే 25. చిత్తూరు

పాత బ్యాంకు మిత్రుడి ఇంట్లో భోజనం. మాటలు 1995కి వెళ్లాయి. ఆ ఏడు జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం. చిత్తూరు బ్రాంచిలో కొందరికి ప్రతి శనివారం సాయంత్రం సరిహద్దు దాటి తమిళనాడు కాట్పాడిలో అర్జెంటు పనులు పడేవి. రైలు చూడాలనో, ఆసుపత్రిలో ఎవరో బంధువును పలకరించాలనో. 1997లో నిషేధం ఎత్తేశాక ఆ బంధువులందరికీ ఒకేసారి జబ్బులు నయమయ్యాయి.

2019 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వమే షాపులు నడిపింది. 2024 అక్టోబరు 16 నుంచి మళ్లీ ప్రైవేటు, లాటరీ తీసి 3,396 షాపులు. ఇన్ని మార్పుల్లోనూ తగువంతా బ్రాందీ, విస్కీ, బీరు చుట్టూనే నడిచింది. వైను గురించి తగువాడిన పార్టీ ఒక్కటీ లేదు. ఓట్లు లేని సరుకు!

జూన్ 1

డల్లాస్ నుంచి తమ్ముడి కూతురు వీడియో కాల్. కాస్ట్‌కోలో నిలబడి ఫోన్ తిప్పి చూపించింది. గోడౌను లాంటి హాలు, చెక్క ప్యాలెట్ల మీద అట్టపెట్టెలు, పెట్టె పైభాగం కోసేసి అందులోనే సీసాలు.

"పెదనాన్నా, ఇందులో ఏది తీసుకోమంటావు?"

"కిర్క్‌లాండ్ అని రాసి ఉందా చూడమ్మా."

ఉంది. అది ఆ కంపెనీ సొంత పేరు. వైన్ తయారీదారులే చేసిపెడతారు, పేరు మాత్రం కొట్టువాడిది. బయటి సరుకు మీద సుమారు 14 శాతం, సొంత సరుకు మీద 15 శాతం మించి లాభం వేసుకోకూడదని కాస్ట్‌కో పెట్టుకున్న నియమం. వాళ్ల లాభంలో పెద్ద ముక్క సభ్యత్వ రుసుము. సరుకు కదిలే వేగం చూస్తే, నెలల తరబడి ఏ సీసా దుమ్ము పట్టే అవకాశం లేదు. చవకతనం కన్నా ఆ వేగం మీదే నాకు అసూయ.

కాలిఫోర్నియాలో ట్రేడర్ జోస్ అనే కొట్ల కథ ఇంకా తమాషా. 2002లో ఛార్లెస్ షా అనే సీసాను డాలరు తొంభై తొమ్మిది సెంట్లకు పెట్టారు. జనం దానికి 'రెండు డాలర్ల చక్' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. 2007లో ఆ రాష్ట్ర ప్రదర్శనలో పేర్లు దాచి రుచి చూసిన న్యాయనిర్ణేతలు, రాష్ట్రంలోకెల్లా మేటి షార్డొనే తెల్ల వైను అని దానికే బహుమతి ఇచ్చారు. ముప్పై డాలర్ల సీసాలు పక్కన నిలబడి చూశాయి. ధరకూ రుచికీ పెళ్లి కాలేదనడానికి నాకు ఈ ఒక్క సాక్ష్యం చాలు.

ఆ రెండు డాలర్ల సీసా ఇక్కడికి రాగలదా? దిగుమతి సుంకమే 150 శాతం. ఆస్ట్రేలియాతో ఒప్పందం 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చి అక్కడి వైన్ల మీద సుంకం తగ్గింది గానీ, సీసా కనీసం అయిదు డాలర్ల విలువ చేయాలన్న షరతు ఉంది. మద్యం జీఎస్టీలో లేదు కాబట్టి ఆపైన ఏ రాష్ట్రం సుంకం ఆ రాష్ట్రానిదే. చవక వైను సముద్రం దాటి చవకగా రాలేదు. వచ్చిందని ఎవరైనా చెబితే సీసా వెనక చీటీ రెండుసార్లు చదవండి.

జూన్ 12

పేపరు నిండా తోతాపురి మామిడి. కర్ణాటక కాయ చిత్తూరు జిల్లాలోకి రాకూడదని ఈ నెల 7న కలెక్టరు ఉత్తర్వు. చెక్‌పోస్టుల్లో బృందాలు. నిషేధం ఎత్తేయమని నిన్న కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఉత్తరం రాశారట. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది, రైతుకు 12 అందాలి అన్నారు. ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరస చూస్తే ఆ ఎనిమిది కూడా అందరికీ దక్కేలా లేదు.

నంగిలి దగ్గర కర్ణాటక సరిహద్దు దాటి అటు నుంచి సీసా రాకూడదు, కాయా రాకూడదు. ఆ రోడ్డు మీద తాజాగా కదిలేవి బస్సులే.

జూన్ 15

తోతాపురి గొడవ చదువుతుంటే గుర్తొచ్చింది. మా ఎస్వీ యూనివర్సిటీ బయోకెమిస్ట్రీ విభాగంవాళ్లు ఎప్పుడో మామిడితో వైను చేశారు. ఇద్దరు పరిశోధకులు, ఇద్దరూ రెడ్లే, 2005లో అంతర్జాతీయ సూక్ష్మజీవశాస్త్ర పత్రికలో వ్యాసం అచ్చేశారు. ఆరు రకాల కాయలు తీసుకున్నారు, అందులో బంగినపల్లి, తోతాపురి కూడా ఉన్నాయి. మామిడి గుజ్జు ద్రాక్షలా పిండగానే రసమివ్వదు, పెక్టిన్ పట్టుకుని చిక్కగా ఉంటుంది. పెక్టినేజ్ ఎంజైము వేసి దాన్ని విడగొట్టి, రసం తీసి, ఈస్టు వేసి పులియబెట్టారు. ఆల్కహాలు ఏడు నుంచి ఎనిమిదిన్నర శాతం. ద్రాక్ష వైను కన్నా తేలిక. మన వేసవికి ఆ తేలికే మేలు.

కాయ ఇక్కడే, గుజ్జు ఫ్యాక్టరీలు చిత్తూరు చుట్టూనే, పులియబెట్టే విద్య తిరుపతిలోనే. రవాణా లేదు, సుంకం గోడ లేదు. మా షాపులో పై అర, కింద అర, కౌంటరు వెనక అర అన్నీ చూశాను. మామిడి వైను లేదు. ఇరవయ్యేళ్ల కిందటి వ్యాసం లైబ్రరీలో ఉంది, కాయ రోడ్డు పక్కన ఉంది. రైతుకు కిలోకు నాలుగు రూపాయలు కలిపిచ్చే ఖజానాకు, చిన్న వైనరీకి తేలిక లైసెన్సు ఇవ్వడం అంత బరువా? పూర్వం ఇక్కడి తోటల్లో ఈతకల్లు ఉండేది, పొద్దున దింపితే సాయంత్రానికి అయిపోయేది. తాజా సరుకంటే ఏమిటో మన తాతలకు ఎవరూ చెప్పక్కర్లేదు.

జూలై 6. బెంగళూరు

పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా బస్సు. చెల్లెలి మనవడి పుట్టినరోజు నెపం.

కర్ణాటక 2007లోనే వైనుకు వేరే విధానం రాసుకుంది, వైన్ బోర్డు పెట్టుకుంది. తేడా అరల్లో తెలుస్తోంది. ఏసీ గది, సీసాలు పడుకోబెట్టి ఉన్నాయి, సంవత్సరం కనబడేలా. నంది కొండల కింద గ్రోవర్‌వాళ్లు 1980ల చివర్లో మొదలుపెట్టిన తోటల సరుకు, జాన్ డిస్టిలరీస్‌వారి బిగ్ బన్యన్, నాసిక్ సులా, అక్లూజ్ ఫ్రాటెల్లీ. ఒక మూల క్రస్మా. దాన్ని చూసి కాస్త గర్వపడ్డాను. హంపీ దగ్గర కొండరాళ్ల మధ్య ఆ తోట వేసింది హైదరాబాదు గ్రాన్యూల్స్ కంపెనీ అధినేత చిగురుపాటి కృష్ణప్రసాద్, భార్య ఉమ. ఇద్దరి పేర్లూ కలిపితే ఆ పేరు. ధర చూశాక గర్వంతోనే సరిపెట్టుకున్నాను.

ఇక్కడ తగ్గింపు చీటీలు కూడా ఉన్నాయి. నిలబడి చదివాను. ఎక్కువ భాగం రెండు మూడేళ్ల కిందటి తెల్ల వైన్లు. మన దేశంలో కోత జనవరి నుంచి మార్చి దాకా, తెల్లది ఆ ఏడో మరుసటి ఏడో తాగేస్తేనే రుచి. మూడేళ్ల తెల్లసీసా మీద పాతిక శాతం తగ్గించారంటే కొట్టువాడు తన బరువు మన చేతిలో పెడుతున్నాడని అర్థం. అదే చీటీ రెండేళ్ల ఎర్ర షిరాజ్ మీదుంటే, గది చల్లగా ఉంటే, కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

మనవాళ్లు పోర్టు అని పిలుచుకునే తియ్యటి సీసా అన్నిటికన్నా చవక. చాలావాటిలో బెంగళూరు బ్లూ ద్రాక్ష. జ్యూసుకూ జామ్‌కూ బంగారంలాంటి పండు, వైనుకు మాత్రం చక్కెర సాయం కావాలి. దగ్గు మందు ఇష్టపడేవాళ్లకు సిఫారసు చేస్తాను.

జూలై 7

ఖాళీ చేతులతో తిరుగు ప్రయాణం. పొరుగు రాష్ట్రం సీసాలు మూడు దాకా తెచ్చుకోవచ్చని 2020 సెప్టెంబరులో హైకోర్టు అంది. అక్టోబరులో ప్రభుత్వం నిబంధనే మార్చేసింది, పర్మిట్ లేకుండా ఒక్కటీ కుదరదంది. నంగిలి దగ్గర బస్సాపి సంచులు చూశారు. నా సంచిలో మైసూర్‌పాకు.

జూలై 20

ఆదివారం. రాగిసంగటి, నాటుకోడి పులుసు. తిరుపతిలోనే వేరే షాపులో దొరికిన రెండు సీసాలు: ఒక ఎర్రది, షెనిన్ బ్లాంక్ అనే ఒక తెల్లది. ఎర్రదానిలోని వగరు మన మిరపకారంతో కలిసి నోరు మండించింది. బావమరిది మజ్జిగ అడిగాడు. షెనిన్ కాస్త తియ్యన, బాగా పుల్లన, ఫ్రిజ్‌లోంచి తీసింది. కారాన్ని అణిచింది. పెద్ద పేరూ కాదు, పెద్ద ధరా కాదు. సంగటి ముద్ద పక్కన ఎర్ర వైను పెట్టమని ఏ పుస్తకం చెప్పినా నేనొప్పుకోను.

ఆగస్టు 3

తేలినదిది. మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో వెయ్యి రూపాయల్లోపు కొనదగ్గ సీసా ఉంది. నిరుటి పంటో ఈ ఏటిదో అయ్యుండాలి. తిప్పే మూత ఉంటే మంచిది, బిరడాలా పైకి లేవదు. తెల్లది, అందులోనూ షెనిన్. ఏసీ ఉండి, వైను అడిగేవాళ్లు వచ్చే షాపు, అంటే పెద్ద హోటళ్ల దగ్గరిది. కొనే కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. మే నెలలో పై అర నుంచి స్టూలేసి దించిన సీసాను ఉచితంగా ఇచ్చినా వద్దనండి.

ఎక్సైజు శాఖవారికి ఒక విన్నపం. ధర తగ్గించమని అడగను. లైసెన్సు షరతుల్లో ఒక్క వాక్యం చేర్చండి: వైను అమ్మేవాడు దాన్ని చల్లటి చోట ఉంచాలి, ఉంచలేకపోతే తెప్పించకూడదు.