స్కాన్ ఫోల్డర్ కూడా అమానతే

మా మొహల్లాలో ఒక చిన్న దఫ్తర్ ఉంది. స్కాలర్‌షిప్ ఫారాలు, పాస్‌పోర్టు, హజ్ దరఖాస్తులు అక్కడే నింపుతారు. వారానికి రెండు సాయంత్రాలు వెళ్లి అక్కడి కంప్యూటర్లు చూసుకుంటాను. ఖిద్మత్ అనుకోండి. పోయిన నెల పాత కంప్యూటర్ పోయి కొత్తది వచ్చింది. అంతే, జిరాక్స్ మెషిన్ స్కాన్లు పంపడం మానేసింది. కాగితం లోపలికి లాక్కుంటుంది, కాసేపు గుర్రుమంటుంది, చివర్లో కనెక్షన్ కాలేదంటుంది.

సదర్ సాబ్ ఒక కుర్రాణ్ని పిలిపించారు. ఐదు నిమిషాల్లో ఇలాజ్ చెప్పేశాడు. "విండోస్‌లో ఎస్ఎంబీ 1 ఆన్ చేసి, పాస్‌వర్డ్ అడగడం ఆపేసి, ఫోల్డర్ ఎవ్రీవన్‌కి ఇచ్చేద్దాం భాయ్. అందరూ ఇదే చేస్తారు." నిజమే, అందరూ అదే చేస్తారు. నేను మాత్రం వద్దన్నాను. సదర్ సాబ్‌కి చెప్పిన వజా ఇక్కడా చెబుతున్నాను. మీలో చాలామందికి దుకాణాలో, మదర్సాలో, కోచింగ్ సెంటర్లో ఉన్నాయి కదా, అక్కడా ఇలాంటి మెషినే ఉంటుంది.

మనం బటన్ నొక్కగానే మెషిన్ తన అడ్రస్ బుక్‌లో ఉన్న కంప్యూటర్ దగ్గరికెళ్లి 445 నంబరు దర్వాజా తడుతుంది. మొదటి మాట భాష గురించే. "నాకు ఈ ఈ బోలీలు వచ్చు" అంటుంది మెషిన్. "అయితే ఫలానా దాంట్లో మాట్లాడుకుందాం" అని కంప్యూటర్ జవాబిస్తుంది. ఇది నా కల్పన కాదు, ఎస్ఎంబీలో దీన్ని నిజంగానే డయలెక్ట్ అంటారు. గుంటూరు పెళ్లివారూ లక్నో పెళ్లివారూ కూర్చున్నప్పుడు ఇద్దరికీ వచ్చిన బోలీ ఒకటి వెతుక్కున్నట్టే. అది కుదిరాకే పేరు, పాస్‌వర్డ్. ఆ తర్వాతే ఫైలు లోపలికి.

మా మెషిన్‌కి వచ్చింది ఒకే బోలీ, 1980లలో పుట్టిన ఎస్ఎంబీ 1. 2017 మేలో వానాక్రై అనే వైరస్ దాన్లోని లోపం పట్టుకునే కంప్యూటర్లలో దూరింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల పనులు ఆగిపోయాయి, మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మరమ్మతు ఇచ్చింది, వేసుకోని వాళ్లు చిక్కుకున్నారు. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి ఆ బోలీని మామూలుగా ఇవ్వడమే మానేశారు. 2024లో వచ్చిన విండోస్ 11 ప్రో వెర్షన్ ఇంకో మెట్టు ఎక్కి ప్రతి మాటకీ దస్తఖత్ కావాలంటోంది. అంటే కొత్త కంప్యూటర్ మొరాయించడం లేదు, పహరా కాస్తోంది.

వైరస్ సంగతి అటుంచండి. నన్ను భయపెట్టింది ఎవ్రీవన్ అనే మాట. ఆ ఫోల్డర్‌లో ఆధార్లు, బ్యాంకు పాస్‌బుక్కులు, ఆడపిల్లల ఫోటోలు ఉంటాయి. ఒకసారి ఒక ఖాలా కూతురి ఖులా కాగితం తెచ్చింది, పాస్‌పోర్టు పని మీద. సంచిలోంచి తీసే ముందు తలుపు దగ్గరగా వేసి, "ఎవరూ చూడరు కదా బేటా?" అని అడిగింది. కుర్రాడు చెప్పినట్టు చేస్తే, వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ప్రతి ఒక్కరూ చూడొచ్చు. ఆ పాస్‌వర్డేమో గోడ మీద రాసి ఉంది, చాయ్ తెచ్చే పిల్లాడికీ తెలుసు.

మెషిన్‌లో ఎఫ్‌టీపీ కూడా ఉంది. 1971లో దాని మొదటి రూపం రాసింది ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అభయ్ భూషణ్ గారు. ఫఖర్‌గానే ఉంటుంది, కానీ అది పాస్‌వర్డ్‌ని పోస్టుకార్డు మీద రాసినట్టు బాహాటంగా పంపుతుంది. ఎస్ఎఫ్‌టీపీ అయితే లిఫాఫాలో పెట్టి అంటించి పంపుతుంది, మా మెషిన్‌లో అది లేదు.

చివరికి తయారు చేసిన కంపెనీ సైట్లో కొత్త ఫర్మ్‌వేర్ దొరికింది. అది వేశాక మెషిన్ ఎస్ఎంబీ 3 మాట్లాడింది, దస్తఖత్ కూడా పెడుతోంది. దాని కోసం కంప్యూటర్‌లో విడిగా ఒక ఖాతా తెరిచాం, ఆ ఒక్క ఫోల్డర్‌కే ఇజాజత్. ఫారాలు నింపే ఇద్దరు తప్ప ఇంకెవరూ ఆ ఫోల్డర్ తెరవలేరు. మెషిన్‌తో పాటు వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డూ మార్చాం, గోడ మీది రాత చెరిపేశాం. ఫర్మ్‌వేర్ దొరకని వాళ్లు పెన్‌డ్రైవ్‌లోకి స్కాన్ చేసుకోండి, మెషిన్ నుంచి కంప్యూటర్‌కి నాలుగడుగులు నడిస్తే సరిపోతుంది.

"దీనికి ఇంత తకల్లుఫ్ ఎందుకయ్యా" అన్నారు సదర్ సాబ్. ఆ ఖాలా అడిగిన మాట చెప్పాను. ఇంకేం అనలేదు.

ఒక్క విషయంలో మాత్రం ఇంకా తకరార్ నడుస్తోంది. దరఖాస్తు పంపిన రోజే స్కాన్లు చెరిపేయాలని నేను, తిరిగొస్తే మళ్లీ ఎవరు స్కాన్ చేస్తారని ఫారాలు నింపే ఆపా. ఇప్పటికైతే పని పూర్తయినట్టు కబురు వచ్చేదాకా ఉంచుతున్నాం.