ఇప్పపువ్వు నానేసిన కుండ

అమ్మ కడుపులో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి మాకు మూడేళ్లు పట్టింది. అందులో ఆఖరి అయిదు నెలలు హైదరాబాదులో, ఫిల్మ్‌నగర్ బస్తీలో గడిచాయి. మేము పడ్డ తిరుగుడు మనవాళ్లలో ఇంకొకరికి తప్పుతుందేమోనని రాస్తున్నాం. మేమంటే అమ్మ, చెల్లి, చర్ల మండలంలో బడి చెప్పుకుంటూ ఇది రాస్తున్న అన్న.

అన్నం తిన్న అరగంటకే అమ్మ కడుపు డోలులా బిగుసుకునేది. గుడగుడమనే చప్పుడు పక్కన కూర్చున్నవాళ్లకు కూడా వినిపించేది. రోజుకు నాలుగైదు సార్లు చెంబు పట్టుకుని వెళ్లేది. 48 కిలోల మనిషి 39 కిలోలకు వచ్చింది. అరికాళ్లకు తిమ్మిరి పట్టి, గట్టు మీద నడుస్తుంటే నేల తెలియడం లేదనేది. ఇవన్నీ ఆమె కోయ భాషలోనే చెప్పేది. సంతలో బేరానికి సరిపోయే తెలుగు తప్ప అమ్మకు తెలుగు రాదు. డాక్టరు ముందు ఆమె మాట తెలుగులో చెప్పేది మేమే.

మేము చెప్పింది ఒకటే ముక్క: "గ్యాస్ సార్."

ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ గోళీ రాశాడు. పాంటాప్రజోల్. పొద్దున్నే పరగడుపున ఒకటి. తగ్గకపోతే మానేయాలని ఆయన చెప్పలేదు, ఎన్నాళ్లు వేసుకోవాలని మేము అడగలేదు. రెండేళ్లకు పైగా అమ్మ ఆ గోళీ మింగింది. పట్నంలో గొంతులోంచి గొట్టం వేసి చూశారు. కడుపులో కొద్దిగా వాపు ఉంది, అంతే అన్నారు. మళ్లీ అదే గోళీ, పక్కన ఒక టానిక్.

2024 జనవరిలో అమ్మను బస్సెక్కించాం. అంతకు ముందు నెలలోనే ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. జీరో టికెట్ చేతికిస్తే అమ్మ దాన్ని కొంగున ముడేసుకుని, ఇమ్లీబన్ బస్టాండు దాకా మధ్యమధ్యలో తడిమి చూసుకుంది.

చెల్లి ఫిల్మ్‌నగర్‌లో ఉంటుంది. ఫిల్మ్ చాంబర్, రామానాయుడు స్టూడియో, దైవసన్నిధానం గుడి అంటే అందరికీ తెలుసు. వాటికి నడిచి వెళ్లేంత దూరంలోనే గుట్టవారగా ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టుండే గదులున్నాయి. సినిమా లైట్లు మోసేవాళ్లు, సెట్లు కొట్టే వడ్రంగులు, జూనియర్ ఆర్టిస్టులు, పెద్దిళ్లలో పాచిపని, వంటపని చేసేవాళ్లు ఉండేది వాటిలోనే. చెల్లి భర్త లైట్ బాయ్. చెల్లి జూబ్లీహిల్స్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. అమ్మ వచ్చాక ఆ ఒక్క గదిలో రాత్రి నలుగురం. అమ్మ చీకట్లో మెట్లు దిగి బాత్రూమ్‌కు వెళ్లి వచ్చేదాకా ఒకరం మేలుకునేవాళ్లం.

జూబ్లీహిల్స్ రోడ్ల మీద మాకు ఎక్కువగా కనిపించినవి పొట్ట తగ్గిస్తామనే బోర్డులే. తెర మీద కనబడే మనుషుల ఊరు కాబట్టి ఒళ్లు తగ్గడానికి డబ్బు కట్టేవాళ్లు అక్కడ ఉంటారు. అడగకుండానే తొమ్మిది కిలోలు పోగొట్టుకున్న అమ్మను చేయిపట్టుకుని ఆ బోర్డుల కింద నడిపించాం.

చెల్లికి తెలిసినవాళ్లు చెబితే ముందు ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లాం. లోపల చల్లగా, శుభ్రంగా ఉంది. అమ్మను కూర్చోబెట్టి మాతో ఇంగ్లీషు కలిపిన తెలుగులో మాట్లాడారు. మేము మళ్లీ "గ్యాస్" అన్నాం. పేగుల్లోని సూక్ష్మజీవులన్నిటినీ లెక్కపెట్టే మల పరీక్ష, మూడు నెలల ఆహార ప్రణాళిక, పొడులు, అన్నీ కలిపి 28 వేలు అన్నారు. అంత కట్టలేమంటే ఆహారం జాబితా ఒక్కటి ఇచ్చారు. ఉల్లిపాయ, వెల్లుల్లి, పప్పులు, గోధుమ, పాలు మానాలి. కినోవా, బాదం పాలు, బ్లూబెర్రీలు తినాలి.

చెల్లి ఆ కాగితం చూసి నవ్వింది. "అన్నా, ఇవి నేను రోజూ వండేవే. అమ్మ తినేది ఒక్కటీ లేదు ఇందులో."

ఆ జాబితాలో పూర్తిగా తప్పుందని ఇప్పుడు అనం. పులిసే పదార్థాలు తగ్గిస్తే కడుపుబ్బరం కొంత తగ్గుతుంది. కానీ తగ్గేది బాధ మాత్రమే, దాని కారణం అలాగే ఉంటుంది. 39 కిలోల మనిషికి తినేవి ఇంకా తగ్గిస్తే ఏమవుతుందో ఆ కాగితంలో లేదు.

అక్కడే ఊపిరి పరీక్ష అనే మాట మొదటిసారి విన్నాం. బయట ఒక ల్యాబ్‌లో చేయించాం. పరగడుపున రమ్మన్నారు, అంతే. ఆ ముందు వారమే విరేచనాలకు మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ అమ్మ వేసుకుంది. అది ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. రిపోర్టులో ఏమీ లేదని వచ్చింది. అది చూసిన డాక్టరు, ఈమెకు జబ్బేమీ లేదు, మనసులో బెంగ ఉంది అని చెప్పి నిద్రకు ఒక మాత్ర రాశారు. దాన్ని తెలుగులోంచి కోయలోకి మార్చి అమ్మకు చెప్పింది కూడా మేమే. ఆమె ఏమీ అనలేదు. గది దాకా ఒక్క మాట మాట్లాడకుండా నడిచింది. మర్నాటి నుంచి కడుపు సంగతి మాకు చెప్పడం మానేసింది.

ఊరికి వెళ్లిపోదామనుకున్నాం. చెల్లి ఒప్పుకోలేదు. నగరంలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పేగుల విభాగం ఉంది, ఒక్కసారి చూద్దామంది. తెల్లవారి అయిదింటికి చీటీ కోసం వరుసలో నిలబడ్డాం. మధ్యాహ్నం ఒంటిగంటకు లోపలికి పిలిచారు. చిన్న వయసు డాక్టరమ్మ. మేము నోరు తెరిచి "గ్యాస్" అనగానే ఆపింది.

"సార్, మీరు చెప్పొద్దు. అమ్మ ఏమంటుందో అది చెప్పండి. మాట మార్చకుండా."

అమ్మ మా ముఖం చూసింది, తర్వాత డాక్టరమ్మ ముఖం చూసింది. మెల్లగా చెప్పింది. మేము ఉన్నదున్నట్టు తెలుగులో అన్నాం: "నా కడుపు ఇప్పపువ్వు నానేసిన కుండ లెక్క ఉంది."

డాక్టరమ్మ కలం ఆపింది. "ఆ కుండలో ఏమవుతుంది అమ్మా?"

ఎండిన ఇప్పపువ్వు నీళ్లలో వేసి మూత పెడితే నాలుగైదు రోజులకు బుడగలు లేస్తాయి, గుడగుడమంటుంది, పులిసిన వాసన వస్తుంది, కుండకు చెవి ఆనిస్తే వినబడుతుంది అని అమ్మ చెప్పింది. ఎంతసేపటికి మొదలవుతుంది, ఏం తింటే ఎక్కువ, రాత్రి లేపుతుందా, బరువు ఎప్పటి నుంచి తగ్గింది అని డాక్టరమ్మ ఒక్కొక్కటే అడిగింది. కడుపు చూస్తానంది. బొడ్డు కింద నిలువుగా పాత కోత మచ్చ ఉంది. తొమ్మిదేళ్ల కింద పేగు మెలిక పడితే చేసిన ఆపరేషన్.

"ఇది ఎవరికీ చెప్పలేదా?"

చెప్పలేదు. అది నయమైపోయిన సంగతి అనుకున్నాం.

ఆమె కాగితం వెనక బొమ్మ గీసి చెప్పిన సంగతి ఇది. మన పెద్దపేగులో బాక్టీరియా లెక్కలేనంత ఉంటుంది, ఉండాలి కూడా. చిన్నపేగులో చాలా తక్కువే ఉండాలి. అక్కడ పెరగకుండా శరీరం కాపలా పెట్టుకుంది. కడుపులోని ఆమ్లం తిండితో వచ్చే క్రిములను చంపుతుంది. ఖాళీ కడుపున గంటన్నరకో రెండు గంటలకో ఒక అల లాంటిది పేగును చీపురుతో ఊడ్చినట్టు ఊడుస్తుంది. చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట ఉన్న కవాటం వెనక్కి రానివ్వదు. ఆపరేషన్ తర్వాత పేగులు అతుక్కున్నా, ఒకచోట ఇరుకైనా, షుగరు జబ్బుతో పేగు మందగించినా తిండి నిలవ ఉండిపోతుంది. పేగు క్షయ వచ్చి తగ్గినవాళ్లలోనూ ఇలా ఇరుకు ఏర్పడవచ్చు. నిలవ ఉన్నచోట బాక్టీరియా పెరుగుతుంది. ఏళ్ల తరబడి గ్యాస్ గోళీ వేసుకుంటే ఆమ్లమనే కాపలా కూడా బలహీనపడుతుంది. పెరిగిన బాక్టీరియా మనం తిన్నదాన్ని మనకంటే ముందు తిని గాలి వదులుతుంది. బి12 విటమిన్‌ను కూడా అదే వాడేసుకుంటుంది. అరికాళ్ల తిమ్మిరికి అది కారణం కావచ్చు.

ఈ జబ్బును ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపి 'సిబో' అంటారు. ఇప్పపువ్వు కుండలో పని చేసేది ఈస్ట్, ఇక్కడ బాక్టీరియా. తీపిని తిని గాలి వదలడం మాత్రం రెండు చోట్లా ఒకటే. అమ్మ మూడేళ్ల నుంచి చెబుతున్నది అదే. దాన్ని మేము "గ్యాస్" అనే రెండక్షరాలకు కుదించాం.

మన తెలుగువాళ్లకు ఈ దారిలో ఒక పెద్ద పేరుంది. యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టినాయన. ఆయన అన్నదమ్ములిద్దరు రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో, మన పెద్దలు సంగ్రహణి అనేదానితో చనిపోయారు. ఆయనకూ అది వచ్చి బతికి బయటపడ్డాడు. అది అచ్చంగా అమ్మకు వచ్చిన జబ్బు కాదు, దానికి దగ్గరిది. అందులోనూ చిన్నపేగు పాడై, తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో మనిషి చిక్కిపోతాడు. తర్వాత అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వాన పనిచేసిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి మందు కూడా ఆ ప్రయోగశాలలోనే దొరికింది. తర్వాతి కాలంలో సంగ్రహణికి వాడిన మందులు ముఖ్యంగా ఈ రెండే. 1960 దశకంలో వేలూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆ జబ్బు ఊళ్లకు ఊళ్లనే పట్టినప్పుడు అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్లు సెల్విన్ బేకర్, మాథన్ పల్లెల్లోకే వెళ్లి చూశారు. సుబ్బారావు కథ బడిలో పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాం. ఇంట్లో అమ్మ చిక్కిపోతుంటే ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

ఊపిరి పరీక్ష మళ్లీ చేయాలంది డాక్టరమ్మ. ఈసారి పద్ధతి రాసిచ్చింది. యాంటీబయాటిక్ ఆపి నాలుగు వారాలు కావాలి. ముందురోజు పప్పు, కూరగాయలు, పాలు వద్దు. తెల్లన్నం, గుడ్డు, కోడికూర చాలు. రాత్రి భోజనం తర్వాత నీళ్లు తప్ప ఏమీ వద్దు. చెల్లి ఆ కాగితాన్ని గోడకు అంటించి, రోజులు లెక్కపెట్టి గీతలు గీసింది.

పరీక్ష రోజున 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించారు. పావుగంటకోసారి గొట్టంలోకి ఊదమన్నారు. మన ఒంటి కణాలు హైడ్రోజన్ వాయువును తయారుచేయలేవు, బాక్టీరియా చేస్తుంది. అది రక్తంలో కలిసి ఊపిరిలో బయటికి వస్తుంది. గంటన్నరలోపు మొదటి అంకె మీద 20 పీపీఎం పెరిగితే జబ్బు ఉన్నట్టు లెక్క. అమ్మకు మొదట 6 ఉంది, ముప్పావుగంటకు 41 అయింది. సాయంత్రం షూటింగ్ నుంచి వచ్చిన చెల్లి భర్త ఆ కాగితం చూసి, "రెండో టేక్ ఓకే అయింది అత్తా" అన్నాడు. చాలా రోజుల తర్వాత అమ్మ నవ్వింది.

ఈ పరీక్ష కూడా తిరుగులేనిది కాదని డాక్టరమ్మ ముందే చెప్పింది. చిన్నపేగు లోపలి ద్రవం తీసి కల్చర్ చేయడం ఇంతకంటే సూటి పద్ధతి, కానీ అందరికీ చేయలేరు. అందుకే అంకెను ఒక్కదాన్నే చూడకూడదు. మనిషి చెప్పింది, పాత కోత, రక్తపరీక్ష, స్కాన్ అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయా అని చూడాలి. అమ్మకు బి12 బాగా తక్కువ వచ్చింది. స్కాన్‌లో పాత కుట్టు దగ్గర పేగు కొంచెం ఇరుకై ఉంది, పూర్తిగా మూసుకోలేదు కాబట్టి ఇప్పుడు కోత అవసరం లేదన్నారు. రిఫాక్సిమిన్ అనే మాత్ర రోజుకు మూడు, రెండు వారాలు. 42 మాత్రలు. బి12 సూదులు. గ్యాస్ గోళీ అమ్మకు అక్కర్లేదని ఆపించారు.

మూడో వారానికి అమ్మ అడిగి అన్నం పెట్టించుకుంది. వానలు పడేనాటికి 44 కిలోలైంది.

కథ అక్కడితో అయిపోలేదు. దసరా దాటాక మళ్లీ వచ్చింది. కారణం ఒంట్లోనే ఉంటే తిరిగి రావచ్చని మాకు ముందే చెప్పారు. ఈసారి అమ్మ నాలుగు రోజులకే చెప్పింది: "కుండ మళ్లీ మొదలైంది." మేము మాట మార్చలేదు. ఫోనులో డాక్టరమ్మకు అలాగే చెప్పాం. ఆమెకు వెంటనే అర్థమైంది.

మనవాళ్లు పట్నం ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు ఒక నోటుబుక్ పెట్టుకోండి. పాత ఆపరేషన్లు, పాత క్షయ మందులు, మూడు నెలల్లో మింగిన ప్రతి గోళీ పేరు, నెలనెలా బరువు రాయండి. జబ్బుమనిషి తన భాషలో చెప్పిన మాటను మొదటి పేజీలో రాయండి. మందు మాత్రం డాక్టరు చూశాకే. అమ్మకు రాసింది ఇంకొకరికి సరిపోదు.

మా బడిలో ఒక రిజిస్టరు ఉంది. పిల్లలు ఒంట్లో బాగాలేదంటే రాస్తాం. పాత పేజీలు తిరగేస్తే వరుసగా కడుపునొప్పి, కడుపునొప్పి అని మా చేతిరాతే ఉంది. ఇప్పుడు ఆ గడి పక్కన ఇంకో గడి గీశాం. పిల్ల కోయలో ఏమందో అందులో రాస్తున్నాం. మొన్న మూడో తరగతి పాప చెప్పింది: కడుపులో ఎండ్రకాయ నడుస్తోందట. అలాగే రాసి, ఆ కాగితంతోనే ఆసుపత్రికి పంపాం.